ఎదురెదురు అద్దాలు

“నేనే నొక్కాను,” అంది అత్తగారు.

ఆ మాటకు గదిలో ఇద్దరూ తల తిప్పారు. కంప్యూటర్ ముందు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న కోడలు, కిటికీ దగ్గర నిలబడిన ఆమె భర్త. “ఎవరు నొక్కారు?” అన్న ప్రశ్న గంట నుంచి ఆ గదిలో తిరుగుతోంది. జవాబు వంటగది గుమ్మంలోంచి వస్తుందని ఇద్దరిలో ఒకరైనా అనుకోలేదు.

“మీరా అత్తయ్యా?”

“బల్ల తుడుస్తుంటే కనిపించింది. అప్‌డేట్ ఇప్పుడా, తర్వాతా అని అడుగుతోంది. పదకొండు రోజులుగా అడుగుతూనే ఉంది పాపం. ఎన్నాళ్లని తర్వాత, తర్వాత అంటాం? ఇప్పుడే అన్నాను. ఒక్కసారి నొక్కానంతే.”

“పాపమా!” అన్నాడు కొడుకు. “అమ్మా, అది కంప్యూటరు. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపిన మనిషి కాదు.”

“ఎవరడిగినా బదులివ్వాలి కదరా.”

ఆవిడ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. మోగే ఫోను, కారే కొళాయి, మూత సరిగా పడని డబ్బా, వీటిలో దేన్నీ అలా వదిలేసి దాటిపోలేదు. దేవుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడు కూడా పాలు పొంగే చప్పుడు వినిపిస్తే “ఒక్క నిమిషం స్వామీ” అని లేచి వెళ్లే మనిషి. అందుకే నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

కోడలికి మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. అరవై దాటిన మనిషి, తనంతట తాను వచ్చి తప్పు ఒప్పుకుంటే ఇంకేమంటాం? అనకుండా ఉంటే మాత్రం కోపం తగ్గుతుందా?

“సాయంత్రం నాలుగింటికి కంపెనీవాళ్ల ముందు నా ఆట ఆడి చూపించాలి అత్తయ్యా,” అంది చివరికి. “ఇప్పుడు పన్నెండు కావస్తోంది.”

“తెలుసమ్మా.”

“తెలిసే…” అని ఆగిపోయింది.

ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద ఒక ఉత్తరం ఉంది. పాత ఆఫీసు నుంచి వచ్చింది. సోమవారం ఉదయం వచ్చి చేరండి, లేకపోతే ఆ చోటు మరొకరికి ఇస్తాం అని రెండు వాక్యాలు. ఏడాది సెలవు పెట్టి ఆమె తయారుచేసిన కంప్యూటరు ఆటను, ఆటలు ప్రచురించే ఒక సంస్థ ఈరోజు చూస్తానంది. వాళ్లకు నచ్చితే ఆ ఉత్తరం చించేయొచ్చు. నచ్చకపోతే సోమవారం పాత కుర్చీలో వెళ్లి కూర్చోవాలి. ఆ షరతు ఆమె తనకు తానే పెట్టుకుంది. భర్త అప్పుడు సరేనని తలూపాడు. ఈమధ్య ఆ ఊసెత్తితే తల కూడా ఊపడం లేదు.

ఆటేమో చాలా చిన్నది. ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఒకావిడ. ఇంట్లో వాళ్లంతా తమ వస్తువులు పారేసుకుంటుంటారు. నా కళ్లజోడేదీ, నా తాళం చెవేదీ, నా రెండో మేజోడేదీ అని గది గదికీ కేకలు. ఆవిడ వెతికి ఇస్తూ ఉంటుంది. చివరికి తన గదికి వస్తుంది. అక్కడ అద్దం ముందు తను పారేసుకున్నదేదో తనకు దొరుకుతుంది. ఆట అక్కడ ముగుస్తుంది.

పొద్దున అప్‌డేట్ అయినప్పటి నుంచి ఆ చివరి గదే తెరుచుకోవడం లేదు. మిగతా గదులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఈ గది తలుపు తీయగానే బొమ్మ బిగుసుకుపోతుంది, తెర నల్లబడుతుంది, గ్రాఫిక్స్ కార్డు స్పందించడం లేదని ఒక ముక్క చూపించి, ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతుంది.

ఆమె చేయాల్సినవన్నీ చేసింది. ఆపి మళ్లీ ఆన్ చేసింది. గ్రాఫిక్స్ కార్డు డ్రైవరు పాతది తీసి కొత్తది వేసింది. లాభం లేక కొత్తది తీసి పాతదే వేసింది. సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ మళ్లీ ఎక్కించి చూసింది. కానీ అప్‌డేట్ అయినప్పుడే ఆట ఫైళ్లన్నీ కొత్త రూపంలోకి మారిపోయాయి. పాత వెర్షన్ వాటిని గుర్తుపట్టనే లేదు. ఆదివారం ఆదివారం ఒక ప్రతి తీసి పెట్టుకుంటుంది, నిజమే. ఈరోజు శుక్రవారం. ఆ చివరి గది ఈ అయిదు రోజుల్లో కట్టిందే.

“ఆ గది లేకుండా చూపించు,” అన్నాడు భర్త.

“ఆ గది లేకపోతే ఆట లేదు.”

“మా డిపోలో బస్సు ఆగిపోతే ఇంకో బస్సు పంపిస్తాం. ప్రయాణికుల్ని ఎండలో నిలబెట్టి ఇంజిను విప్పుతూ కూర్చోం.”

“నేను ప్రయాణికురాల్ని కాదండీ. ఆ బస్సు కట్టినదాన్ని.”

అతను బస్సు డిపోలో వేళలు రాసే ఉద్యోగి. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్ని నిమిషాలు ఆలస్యమైంది అన్నదే పదిహేనేళ్లుగా అతని పని. ఇంట్లోనూ అంతే. ఎప్పుడు లేచావంటే “ఆరూ నలభై రెండుకి” అంటాడు. పెళ్లిచూపుల్లో ఆమెను ఎంతసేపు చూశాడని ఎవరో వేళాకోళమాడితే, పదకొండు నిమిషాలని చెప్పిన ఘనుడు. ఈరోజు ఆమెను తీసుకెళ్లడానికి సెలవు పెట్టాడు.

“పోనీ వాళ్లకి ఫోన్ చేసి చెప్పు. ఇంకో రోజు ఇవ్వమను.”

“ఇవ్వరు.”

“అడక్కుండానే ఇవ్వరంటే ఎలా?”

“అడిగాను. పదింపావుకి. ఇవ్వరు.”

కంప్యూటరు ఫ్యాను గిర్రుమంటోంది. అత్తగారు ఆ చప్పుడు వైపు కూడా చూసింది, ఏదైనా అడుగుతోందేమోనన్నట్టు.

“ఏంటి, ఇంట్లో ఎవరైనా పోయారా?” అంటూ మామగారు లోపలికి వచ్చారు.

ఆయన నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి మానుకున్న మనిషి. మానుకున్నది జీతమే, పని కాదు. ఉదయం ఏడున్నర నుంచి కింద అంతస్తులో లిఫ్టు మరమ్మతు చేస్తున్నవాళ్ల నెత్తిన నిలబడి, వాళ్ల ప్రాణం తీసి, ఇప్పుడు పైకి వచ్చారు. చేతులకు గ్రీజు.

“మీ ఆవిడ కంప్యూటరు అప్‌డేట్ చేసింది,” అన్నాడు కొడుకు.

మామగారు భార్య వైపు చూశారు. కాస్త ఎక్కువసేపే చూశారు. ఆవిడ చేతిలోని గుడ్డను మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

“అలాగా,” అన్నారు. తర్వాత కోడలి వైపు తిరిగారు. “అమ్మాయ్, తీగ ఎక్కడ తెగిందో చూశావా?”

“అదే తెలియడం లేదు మామయ్యా. ఆ గదిలో అరవై నాలుగు వస్తువులున్నాయి. ఒక్కోటి తీసి చూడాలంటే, ప్రతిసారీ ఇది ఆగిపోయి మళ్లీ తెరుచుకోవడానికి ఆరేడు నిమిషాలు. సాయంత్రమైపోతుంది.”

“ఒక్కోటి ఎవడు చూడమన్నాడు? సగం ఆపెయ్. ముప్పై రెండు.”

“ఏ ముప్పై రెండు?”

“ఏవైతేనేం? పది అంతస్తుల లిఫ్టుకి తీగ తెగితే నేను ఒకటో అంతస్తు నుంచి మొదలుపెట్టే వాణ్ణనుకున్నావా? అయిదో అంతస్తులో పట్టుకుంటా. కరెంటు అక్కడిదాకా వస్తే తప్పు పైన, రాకపోతే కింద. అక్కడి నుంచి మళ్లీ సగం. అందుకే నన్ను పిలిచేవాళ్లు.”

“పిలిచేది చవగ్గా వస్తారని,” అంది అత్తగారు, అలవాటు కొద్దీ. వెంటనే ఇది దానికి సమయం కాదని గుర్తొచ్చినట్టు నోరు మూసుకుంది.

కోడలు ముప్పై రెండు వస్తువులను ఆపేసి తలుపు తెరిచింది. తెర నల్లబడింది.

“మంచిది,” అన్నారు మామగారు.

“మంచిదేంటి మామయ్యా? ఆగిపోయింది!”

“నువ్వు ఆపేసిన ముప్పై రెండూ అమాయకులని తేలింది కదా. వాటిని ఇక అనుమానించక్కర్లేదు. సగం ఊరు ఇళ్లకి పోయింది. కానివ్వు.”

పదహారు మిగిల్చింది. ఆగిపోయింది. ఎనిమిది మిగిల్చింది. ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ మామగారు తృప్తిగా తలూపుతుంటే కోడలికి ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఎనిమిదింటిలో నాలుగు ఆపి చూసింది.

గది తెరుచుకుంది. మంచం, దీపం, దువ్వెనల పెట్టె, గోడకు నిలువుటద్దం. అన్నీ ఉన్నచోట ఉన్నాయి.

“హమ్మయ్య! అయితే తప్పు మిగతా నాలుగింటిలో ఉందన్నమాట,” అంది కోడలు.

వీటిని ఆపి వాటిని పెట్టింది. బీరువా, కుర్చీ, కిటికీ తెర, ఇంకొక చిన్న వస్తువు. మళ్లీ తెరుచుకుంది.

మామా కోడలూ మొహమొహాలు చూసుకున్నారు. ఈ నాలుగూ బాగున్నాయి, ఆ నాలుగూ బాగున్నాయి. ఎనిమిదీ కలిస్తే మాత్రం చస్తోంది.

“చూశారా,” అన్నాడు భర్త కిటికీ దగ్గర నుంచి. “ఇది తేలే వ్యవహారం కాదు.”

మామగారు కొడుకు మాట వినిపించుకోలేదు. గ్రీజు చేత్తో గడ్డం గోక్కున్నారు.

“ఒకచోట పక్కపక్కన రెండు లిఫ్టులుండేవి,” అన్నారు మెల్లగా. “ఇది నడిపితే ఏ గొడవా లేదు. అది నడిపినా ఏ గొడవా లేదు. రెండూ ఒకేసారి కదిలితే ఫ్యూజు ఎగిరిపోయేది. ఏ లిఫ్టులో తప్పుందో అని మూడు రోజులు విప్పి చూశాం. దేన్లోనూ లేదు. తప్పు రెండింటి మధ్యనుంది. అమ్మాయ్, ఈ నాలుగూ ఉంచి, ఆ నాలుగింటిలో ఒక్కోటి తెచ్చి పెట్టు.”

బీరువా పెట్టింది. బాగానే ఉంది. కుర్చీ. బాగానే ఉంది. ఆ చిన్న వస్తువు పెట్టింది.

తెర నల్లబడింది.

“ఏంటది?”

కోడలు పేరు చదివింది. మరోసారి చదివింది. “చిన్నద్దం. నేనీ చిన్నద్దం పెట్టలేదే!”

నిలువుటద్దానికి సరిగ్గా ఎదురుగా, ఆటలోని ఆవిడ నిలబడే చోటుకు వెనక, గాల్లో పట్టుకున్నట్టుగా ఉంది గుండ్రటి చేతి అద్దం. ఈ అద్దంలో ఆ అద్దం, ఆ అద్దంలో మళ్లీ ఈ అద్దం. పాత వెర్షన్ రెండు మూడు సార్లు లోపలికి తొంగిచూసి, ఇక చాల్లే అని ఆగిపోయేది. కొత్తది ఆగడం లేదు. అద్దంలో అద్దాన్ని, అందులో ఇంకో అద్దాన్ని చూపించాలని పోయి పోయి, ఊపిరాడక పడిపోతోంది.

“ఇది కత్తెరమ్మ పని,” అన్నాడు భర్త.

కత్తెరమ్మ అంటే అతని చెల్లెలు. వీధి చివర జుట్టు కత్తిరించే షాపు నడుపుతుంది. బొమ్మలు బాగా గీస్తుంది కాబట్టి ఆటలో ఆవిడ జుట్టు, గదుల రంగులు ఆమె చేతివే. ఫోను చేస్తే నాలుగు నిమిషాల్లో, నల్ల ఏప్రను మీద ఎవరివో వెంట్రుకలతో ఊడిపడింది.

“అవును, నేనే పెట్టాను. ఏం?”

“ఏం అంటావా? పొద్దుటి నుంచి మా ప్రాణాలు పోతుంటే!” అన్నాడు అన్న.

“నీ ప్రాణం ఎందుకు పోయిందిరా? కిటికీ పట్టుకుని వేలాడుతున్నావుగా.” వదిన వైపు తిరిగింది. “ముందు అద్దం ఒక్కటే పెట్టి వదిలేశావు వదినా. ఎవరైనా వెనకవైపు ఎలా ఉందో చూసుకోకుండా కుర్చీలోంచి లేస్తారా? మా షాపులో లేవరు. ఆ జడ వెనకవైపు అల్లిక గీయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆవిడకే కనపడకపోతే ఎవరి కోసం గీసినట్టు? వెనక అద్దం పట్టాను.”

“నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా.”

“చెప్తే తీసేస్తావని చెప్పలేదు.”

కోడలికి కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది.

“ఈ పొద్దున అమ్మకీ పట్టాను,” అంది ఆడపడుచు, వదిన నవ్వేసరికి ఊపొచ్చి. “ఎనిమిదింటికి షాపు తీయగానే అమ్మే మొదటి గిరాకీ. చివర్లు కత్తిరించి వెనక అద్దం పట్టానా, ఎంతసేపు చూసుకుందో! నా జుట్టు వెనక ఇంత తెల్లబడిందా అని, ఎనిమిదిన్నర దాటినా కుర్చీ వదల్లేదు.”

“చాల్లే వాగుడు,” అంది అత్తగారు. “షాపులో ఎవర్నో వదిలేసి వచ్చినట్టున్నావు, పో.”

“సగం జుట్టుతో ఉంది. ఎక్కడికీ పారిపోలేదు.”

ఎవరూ ఆ మాటను పట్టించుకోలేదు. గడియారం రెండు కొట్టడానికి పది నిమిషాలుంది.

కోడలు చిన్నద్దాన్ని తీసేయలేదు. దాని మీద నొక్కి, మిగతా అద్దాలను చూపించక్కర్లేదని ఒక గుర్తు మార్చింది. ఇక అది జడను చూపిస్తుంది, నిలువుటద్దాన్ని చూపించదు. అరవై నాలుగు వస్తువులనూ తిరిగి పెట్టింది. తలుపు తెరిచింది.

ఆటలో ఆవిడ తన గదిలోకి నడిచింది. అద్దం ముందు నిలబడింది. నిలువుటద్దంలో ముఖం, దానిలోనే వెనక నుంచి జడ. ఏదీ ఆగలేదు, నల్లబడలేదు. కోడలు బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చింది. పదిసార్లు. పదిసార్లూ తెరుచుకుంది.

“అంతే,” అన్నారు మామగారు, నలభై ఏళ్లు లిఫ్టు తలుపులు మూసి చెప్పిన గొంతుతోనే.

అత్తగారు దగ్గరికి వచ్చి తెరలోకి వంగింది. ఏడాదిగా ఆ బల్ల తుడుస్తూనే ఉంది గాని ఆటను ఇంత దగ్గర నుంచి చూడటం ఇదే మొదటిసారి.

“ఈవిడ వెనక నుంచి ఎవరిలాగో ఉందే,” అంది.

“మీలాగే అత్తయ్యా.”

ఆవిడ కళ్లు తుడుచుకుని, చేతిలో ఉన్న గుడ్డతోనే బల్ల కూడా తుడిచింది.

“మూడూ పదికి బయల్దేరాలి,” అన్నాడు భర్త. “కారు పిలుస్తాను. నీ సంచి సర్దనా?”

“సర్దండి. ఒక్క కాగితం నింపేసి వస్తాను.”

ఆట చూసే సంస్థ ఒక ఫారం పంపింది. ఆట పేరు, చేసినవారి పేరు, ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఆ వెర్షన్‌కు ఎప్పుడు మారారు. ఆఖరి గడి కోసం ఆమె, సాఫ్ట్‌వేర్ తనలో జరిగినవన్నీ వేళలతో సహా రాసుకునే చిట్టా తెరిచింది. పొద్దుటి నుంచి మంటలార్పే హడావుడిలో దాని మొహం చూడనే లేదు.

ఉదయం ఎనిమిదీ ఏడు. కొత్త వెర్షన్‌కు మారాలా? అవును.

పాత రూపానికి తిరిగి రావడం కుదరదు, సరేనా? అవును.

పాత ప్రతి ఒకటి దాచి ఉంచాలా? వద్దు.

ఆమె మూడు వరసలూ మళ్లీ చదివింది.

ఒక్కసారి నొక్కానంతే, అన్నారు అత్తయ్య. ఇక్కడ మూడుసార్లు ఉంది. మూడోది ‘వద్దు’. అడిగినవాళ్లకు కాదనలేని మనిషి చేత ‘వద్దు’ అనిపించిందెవరు?

సగం ఆపెయ్ అన్నారు మామయ్య. ఆమె కావాలని ఆ పని చేయలేదు. మనసే ఆ పని చేసుకుపోయింది. ఎనిమిదీ ఏడుకి అత్తయ్య వీధి చివర కుర్చీలో కూర్చుని తన తెల్లజుట్టు చూసుకుంటోంది. కూతురు వెనక అద్దం పట్టుకుంది. ఇద్దరూ ఇళ్లకి. మామయ్య కింద లిఫ్టు వాళ్ల నెత్తిన ఉన్నారు. ఆయనా ఇంటికి. తాను డాబా మీద బట్టలు ఆరేస్తోంది.

మిగిలింది ఒక్కరే.

చెయ్యని తప్పును తల్లి ఎందుకు నెత్తిన వేసుకుంది? కొడుకు ముఖంలో ఏం చూసి? దాన్ని దయ అనాలా, అబద్ధమనాలా? ఆ రెండింటికీ మధ్య గోడ ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అసలు అతను ఎందుకు చేసినట్టు? సోమవారం తను పాత ఉద్యోగానికి పోవాలనా? లేక తెలియక, సాయం చేద్దామని చేతులు కాల్చుకున్నాడా? విడిగా చూస్తే ఎవరిలోనూ తప్పు కనపడటం లేదు.

ఆమె కుర్చీ వెనక్కి తిప్పింది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఆమె సంచి భుజాన వేసుకుని. నీళ్ల సీసా, గొడుగు, ఛార్జరు, అన్నీ ఒక్కో అరలో పద్ధతిగా సర్దాడు.

“ఇంకా ఇరవై మూడు నిమిషాలుంది,” అన్నాడు. “తొందరేం లేదు.”

“ఏవండీ,” అంది. “పొద్దున ఎనిమిదీ ఏడుకి మీరెక్కడున్నారు?”

షాపులో ఆ సగం జుట్టు ముగించి అప్పుడే తిరిగొచ్చిన ఆడపడుచు తలుపు దగ్గర ఆగింది. మామగారు గ్రీజు చేతుల వంక చూసుకున్నారు.

అతను గోడ మీది గడియారం వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. పెళ్లిచూపుల పదకొండు నిమిషాలను ఇప్పటికీ మరిచిపోని మనిషి, సంచి పట్టీని భుజం మీద ఒకసారి సర్దుకున్నాడు.

“గుర్తులేదు,” అన్నాడు.

అత్తగారు వంటగదిలోకి వెళ్లి, చుక్క కూడా కారని కొళాయిని మరోసారి గట్టిగా కట్టేసింది.